రెండు కొట్టి ఒకటి తప్పిన నాడి

దయ్యాలు, ఆత్మలు అంటేనే నాకు ఒళ్లు మంట. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. పెళ్లికి ముందు నుంచీ నర్సు ఉద్యోగమే. చనిపోయినవాళ్ల కళ్లు ఎన్నిసార్లు మూశానో నాకే గుర్తు లేదు. వాళ్లలో ఒక్కరూ లేచి నన్ను పలకరించలేదు. మా నాదర్‌గుల్ కాలనీలో ఎవరైనా ఖాళీ ప్లాటులో ఏదో కనబడిందని మొదలుపెడితే, "ముందు బీపీ చూపించుకోండి" అని నోరు మూయించేదాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, లోపల పెట్టుకుని పెట్టుకుని విసిగిపోయానన్నమాట.

నేను పనిచేసేది ఇబ్రహీంపట్నంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో. దాని వెనక వీధిలో ఆండాలమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఇల్లు, పొలం, నోరు, అన్నీ పెద్దవే. ఆవిడ గుండె లయలో కొంచెం తేడా ఉండేది. నాడి రెండుసార్లు కొట్టి, ఒకటి తప్పి, మళ్లీ రెండు కొట్టేది. డ్యూటీ దిగి ఇంటికెళ్లే ముందు నేను వాళ్లింట్లో ఆగి బీపీ, నాడి చూసేదాన్ని. చూసి చూసి ఆ నాడి నా వేళ్లకు కంఠతా వచ్చేసింది.

నేను చూడడం అయ్యాక ఆవిడ వంతు. నా చెయ్యి లాక్కుని బొటనవేలితో మణికట్టు నొక్కి పట్టేది. కూతురు సునీత పుట్టింటికి వచ్చినప్పుడు ఆ పిల్ల ఎడమ చెయ్యి కూడా అలాగే పట్టుకుని, "మంచిగనే ఉన్నవ్ తియ్" అని వదిలేది. నాకు చిర్రెత్తేది. నాడి చూడడానికి బొటనవేలు పనికిరాదు. ఆ వేలికే సొంత నాడి బలంగా కొడుతూ ఉంటుంది. అవతలివాళ్లది అనుకుని మనది మనమే లెక్కపెట్టుకుంటాం. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు, ఇవే పెట్టాలి. ట్రైనింగుకు వచ్చే అమ్మాయిలకు నేను చెప్పే మొదటి పాఠం అదే. ఆవిడకూ చెప్పాను.

"పెద్దమ్మా, అలా పడితే నీ నాడే నీకు తగులుతుంది."

"తగల్నియ్. నా బిడ్డ నాడి, నా నాడి వేరే వేరేనా ఏంది? నీ సదువు నీ తాన్నే వెట్టుకో."

ఆండాలమ్మ నిద్రలోనే పోయింది. దినాలు అయిన మర్నాడు పొద్దున సునీత, ఆమె భర్త రమేశ్ మా నర్సింగ్ హోమ్‌కు వచ్చారు. సునీతకు కళ్లు తిరుగుతున్నాయట, పొత్తికడుపులో కొంచెం నొప్పట. తల్లి పోయిన దగ్గర్నుంచి సరిగా తిండి లేదు, ఏడ్చి ఏడ్చి నిద్ర లేదు. రమేశ్ చేతిలో సంచులు అలాగే ఉన్నాయి. వాళ్ల ఊరికి దేవరకొండ దాటి చాలా లోపలికి వెళ్లాలి.

"అక్కా, జల్ది బీపీ చూసి ఒక గోలి ఇయ్యి. బస్సు పోతది."

బీపీ బాగుంది. జ్వరం లేదు. వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్, పల్స్ రెండూ బాగున్నాయి. ఇక మిగిలింది శ్వాస. శ్వాస లెక్కపెడుతున్నామని మనిషికి తెలియకూడదు, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని మేం ఒక చిన్న నాటకం ఆడతాం. నాడి చూస్తున్నట్టు మణికట్టు మీద వేళ్లు ఉంచి, కళ్లతో ఛాతీ కదలికను లెక్కపెడతాం. నేనూ అదే చేశాను. నా ధ్యాస నాడి మీద లేనే లేదు.

రెండు కొట్టింది. ఒకటి తప్పింది. మళ్లీ రెండు కొట్టింది.

శ్వాస లెక్క ఎక్కడో పోయింది. క్లిప్పు వైపు చూస్తే అందులో ఒక్కటీ తప్పకుండా సమంగా కొడుతోంది. నా బొటనవేలు గానీ తగులుతోందా అని చూసుకున్నాను. లేదు, అది దూరంగానే ఉంది. రెండో చేత్తో నా మెడ దగ్గర నాడి పట్టుకున్నాను. నాది గబగబా కొడుతోంది గానీ ఎక్కడా ఆగడం లేదు. సునీత కుడి చెయ్యి చూశాను, మామూలుగా ఉంది. మళ్లీ ఎడమ చెయ్యి పట్టుకున్నాను. రెండు కొట్టి ఒకటి తప్పుతోంది.

నాతో పనిచేసే ఇంకో సిస్టర్‌ను పిలిచి ఆ చెయ్యి చూడమన్నాను. బాగానే ఉంది కదా అంది. ఈసీజీ తీయిస్తే అదీ బాగానే వచ్చింది. డ్యూటీ డాక్టరు నెలసరి గురించి అడిగితే, మొన్ననే వచ్చిందని సునీత చెప్పింది. ఆయన నా ముఖం చూసి, "సిస్టర్, ముందు మీరు వెళ్లి టీ తాగండి" అన్నారు.

రమేశ్ సంచులు భుజానికి తగిలించుకున్నాడు. వాళ్లను ఆపడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు. కానీ ఇప్పుడు పంపిస్తే ఈ పిల్ల మళ్లీ కనబడదని నా మనసు ఒకటే గోల. నాకు భయమేసింది, నిజంగా భయమేసింది.

"ఒంట్లో నీళ్లు లేవు. సెలైన్ ఎక్కాల్సిందే" అని అరిచినట్టే చెప్పాను. డాక్టరు సరేలెమ్మన్నారు.

"గిదేం లొల్లి అక్కా! అన్ని మంచిగనే ఉన్నయంటివి గద!" అన్నాడు రమేశ్.

"ఉన్నాయయ్యా! ఇంకో బస్సు రాదా ఏంటి?"

అతను ముఖం మాడ్చుకుని బయట బల్ల మీద కూర్చున్నాడు. నేను మంచం పక్కనుంచి కదల్లేదు.

సెలైన్ సగం కూడా ఎక్కకముందే సునీత కడుపు పట్టుకుని మెలితిరిగిపోయింది. ముఖం పాలిపోయింది, ఒళ్లంతా చల్లటి చెమట. బీపీ పడిపోయింది. ఎడమ చెయ్యి పట్టుకున్నాను. నాడి సన్నగా, అందీ అందకుండా పరుగెడుతోంది. కానీ ఒక్కటీ తప్పడం లేదు. ఇందాక నా వేళ్లకు తగిలింది ఇప్పుడు అక్కడ లేదు.

స్కానింగులో కడుపు నిండా రక్తం. గర్భం సంచిలో కాకుండా పక్క ట్యూబులో నిలిచిందట, ఆ ట్యూబు పగిలింది. సునీత నెలసరి అనుకున్నది నెలసరి కాదు. అప్పటికప్పుడు ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. రమేశ్ ఆ సంచుల మీదే కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎవరూ చూడకుండా మందుల గదిలోకి వెళ్లి.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ బయటికి వచ్చి, ప్రాణానికి భయం లేదన్నారు. బస్సులో ఉండగా ఇది జరిగి ఉంటే దక్కేది కాదన్నారు. మీరెందుకు ఆపారని నన్ను అడిగారు. నీరసంగా కనబడిందని చెప్పాను. ఇంకేం చెప్పను?

మర్నాటికి సునీత తేరుకుని మాట్లాడింది. నేను నాడి చూడబోతే ఎడమ చేతిని తన వైపు తీసుకుని మణికట్టు నిమురుకుంది.

"నిన్న గీ చెయ్యి గంత గట్టిగ వట్టుకున్నదెవరక్కా? నొప్పి లేశేదాంక ఇడువనే లేదు."

"నేనేనమ్మా. నాడి చూశాను కదా."

"నువ్వు మూడు వేళ్లతోని వడ్తవ్, నాకెర్కలేదా? గది బొటనవేలు."

స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను.

ఆండాలమ్మ నాడి అలవాటైపోయి నా వేళ్లు పొరపాటు పడ్డాయని సర్దిచెప్పుకోవచ్చు. నాకూ అలా సర్దిచెప్పుకోవాలనే ఉంది. మరి సునీత చేతికి తగిలిన ఆ వేలు ఎవరిది? ఆ సమయంలో మంచం దగ్గర నేను తప్ప ఎవరూ లేరు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆండాలమ్మను ఎవరైనా దయ్యం అంటే ఊరుకోను కూడా. కొత్తగా వచ్చే అమ్మాయిలకు ఆ మొదటి పాఠం ఇప్పటికీ చెబుతున్నాను. బొటనవేలితో పట్టుకోకండి, పట్టుకుంటే తగిలేది మీ నాడే అంటాను. ఎవరైనా ఒక అమ్మాయి తలెత్తి "ఎప్పుడూ అంతేనా మేడమ్?" అని అడిగితే మాత్రం, నా బొటనవేలి వైపు ఒకసారి చూసుకుని, రెండో పాఠంలోకి వెళ్లిపోతాను.