డబ్బా పేరు చదివే మనిషి

ఆవకాయ అన్నం తినే మనిషికి తుపాకీ ఏమిటని అమెరికాలోని బాతెల్‌లో తెలుగువాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకుంటే నొక్కుకోనీ. కోటేశ్వరరావు గారు జన్మలో చీమకైనా హాని తలపెట్టిన మనిషి కాదు. ఆయన కాల్చేది కాగితాన్ని, అదీ కొండలకు అవతల తూర్పు వైపు, గురి చూసి కాల్చడం సాధన చేసే రేంజ్‌లో. నిజానికి కాల్చడంకన్నా తూటాలు తయారు చేసుకోవడం మీదే ఆయనకు మోజు. గరాజ్‌లో ఒక బల్ల, దాని మీద త్రాసు, మందు పోసుకునే గాజు గొట్టం. పేలిన తూటా తాలూకు ఖాళీ డొల్లలో మందు తూచి పోసి, పైన గుండు బిగించడం. రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా.

ఆ పిచ్చిలోకి ఆయన తన పాత ఉద్యోగాన్ని కూడా మోసుకొచ్చారు. ఆయన పనిచేసిన ఫార్మా కంపెనీలో ఏ పొడి తూచినా పక్కన రెండో మనిషి ఉండాలి. ఆ మనిషి డబ్బా పేరు పైకి చదవాలి, తూచేవాడు తిరిగి చెప్పాలి, అప్పుడే మూత తీయాలి. తుపాకీ మందుకూ ఇదే పద్ధతి అన్నారాయన. రకాలెన్నున్నా చూడటానికి అన్నీ ఒక్కలాంటి నల్లటి పలుకులే. ఒకటి పడాల్సిన చోట ఇంకొకటి పడితే తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు. అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి. మరి ఇంట్లో రెండో మనిషి ఎవరు? ఇంకెవరు, కట్టుకున్నది ఉందిగా.

"పొయ్యి మీద పప్పుంది, మీ పూజకి నేనెందుకండీ?" అని పద్మ గారు మొదట్లో విసుక్కున్నారు. తర్వాత తర్వాత కాఫీ గ్లాసు పట్టుకుని ఆవిడే వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ఒకసారి పకోడీలు వేస్తానని ఈయన శనగపిండి అనుకుని మొక్కజొన్న పిండి కలిపారు. అది మొదలు ఆవిడ దెప్పుడు ఒక్కటే. "నేను పక్కన లేకపోతే ఏ డబ్బాలో ఏముందో కూడా తెలీదు మీకు."

పోయిన వసంతంలో మార్కెట్‌లోకి వచ్చిన కొత్త రకం మందు ఒకటి తెచ్చారాయన. ఎండైనా చలైనా గుండు వేగం మారదని దానికి పేరు. ఆయన ఎన్నో ఏళ్ళుగా వాడే పాత రకమేమో చలిలో మందగిస్తుందంటారు. పైగా దాన్ని తయారు చేయడమే ఆపేశారు, ఇంట్లో మిగిలింది సగం డబ్బా. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి కాల్చి రెంటినీ పోల్చి చూద్దామనుకున్నారు. పద్మ గారు ఒకదానికి పాత బియ్యం, రెండోదానికి కొత్త బియ్యం అని పేర్లు పెట్టి, డబ్బాల మీద మార్కర్‌తో తెలుగులో రాసేశారు.

"పాత బియ్యమే గెలుస్తుంది చూడండి. పందెం."

"ఓడితే?"

"ఓడినవాళ్ళు నెల్లాళ్ళు పెసరట్లు పొయ్యాలి. నేను ఓడినా రోజూ పోసేదాన్నే కదా, నాకేం నష్టం?"

ఆగస్టు ఎండలో రేంజ్‌కి వెళ్ళారు. ఆవిడ గొడుగు వేసుకుని, వేగం కొలిచే మెషీన్ దగ్గర కూర్చుని అంకెలు చదివారు. రెండూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. "చలికాలం రానివ్వండి, మీ పని చెప్తా" అన్నారు. చలికాలం వచ్చింది, ఆవిడే లేరు. అక్టోబరులో కాఫీ కలుపుతూ కలుపుతూ కూలిపోయారు. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది.

తర్వాత ఆయన బల్ల దగ్గరికే వెళ్ళలేదు. జనవరిలో నీళ్ళు గడ్డకట్టే చలి పడ్డాక మాత్రం లేచారు. "అమ్మ పందెం కట్టింది. తేల్చాలి" అన్నారు, వారం వారం చూడటానికి వచ్చే కూతురు భవితతో. ఆ పందెం తేలేదాకా ఆవిడతో మాట ఇంకా ముగియనట్టే అనిపించేదాయనకు. అదొక్కటే ఆయన పట్టుకున్న కొమ్మ.

ముందు కొత్త మందుతో తూటాలు తయారు చేశారు. గొట్టంలో కాస్త మిగిలింది. దాన్ని దాని డబ్బాలో పోసి, మూత పెట్టి, అలమరలో దాచాకే రెండోది తేవాలి. ఆ రోజు మాత్రం వారించేవాళ్ళు లేక రెండు డబ్బాలూ బల్ల మీదే పెట్టుకున్నారు. ఆయన ఒక డబ్బా అందుకుని, అలవాటు కొద్దీ ఆగారు, పేరు వినపడుతుందని. స్టూలు ఖాళీగా ఉంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ నీళ్ళలోనే గొట్టంలోది డబ్బాలోకి వంచేశారు. కళ్ళు తుడుచుకుని చూస్తే చేతిలో ఉన్నది పాత బియ్యం డబ్బా.

ఆయన కేక విని భవిత పరిగెత్తుకొచ్చింది. సంగతి విని, "కొంచెమే కదా నాన్నా మిక్స్ అయింది? పైన ఉన్నది తీసేస్తే?" అంది.

"ఏ పలుకు ఏదో ఎవరు చెప్తారమ్మా? బ్యాచ్ రిజెక్ట్." ఆ మాట ఉద్యోగంలో ఎన్నిసార్లో అన్నారు, ఇంట్లో అనడం ఇదే మొదలు.

ఇంకెవరూ వాడకుండా పెరట్లో గడ్డి మీద ఆ మందంతా ఎరువులా పలచగా చల్లేశారు. ఖాళీ డబ్బా మీద పేరుండకూడదు, రేపెవరైనా అందులో ఇంకేదైనా పోస్తారు. ఆయన చాకు తీసి మార్కర్ అక్షరాలు గీకబోతుంటే భవిత చెయ్యి పట్టుకుంది.

"అమ్మ రైటింగ్ అది. నేను కీప్ చేస్తాను, ప్లీజ్. ఏం రాసింది అక్కడ?"

"పాత బియ్యం. వద్దమ్మా. మీ అమ్మే ఒప్పుకోదు." అని అక్షరం తర్వాత అక్షరం గీకేశారు.

"అయితే ఎవరు విన్ అయ్యారో ఇంక తెలీదా?"

"తెలీకేం. మీ అమ్మే గెలిచింది. నేను పక్కన లేకపోతే ఏ డబ్బాలో ఏముందో కూడా తెలీదు మీకు, అనేది కదా."

ఆ మాట అని, వెక్కి వెక్కి ఏడ్చారు. భవిత ఆయన్ని పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. కాసేపటికి ఆయన లేచి వంటింట్లోకి నడిచారు. ఓడినవాళ్ళు పెసరట్లు పొయ్యాలి, పెసలు నానబెట్టాలి. అలమరలో స్టీలు డబ్బాలు వరసగా ఉన్నాయి, మూతల మీద చీటీలంటించి. ఒక డబ్బా తీసి, మూత మీద చెయ్యి వేసి, ఆగిపోయారు.

"భవితా, ఇలా రామ్మా. దీని మీద ఏముందో ఒకసారి పైకి చదువు."

భవిత డబ్బా అందుకుని చీటీ వంక చాలాసేపు చూసింది. వాళ్ళమ్మ గుండ్రటి అక్షరాలు.

"నాకు తెలుగు చదవడం రాదు కదా నాన్నా" అని, డబ్బా గుండెకు హత్తుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.