సవ్రినిసా హస్తవాసి

మా కొండ ఊళ్లో నీరసమన్నా నడుం నొప్పన్నా అందరం సవ్రినిసా ఇంటికే వెళ్లేవాళ్లం. ఆవిడ పాతకాలపు నర్సు. ఉద్యోగం మానేశాక కూడా బలానికి సూది వేసి, వేడి టీతో పాటు ఓ రొట్టె ముక్క చేతిలో పెట్టి పంపేది. హస్తవాసి మంచిదని పేరు. ఉన్నది ఒకటే గాజు సిరంజి. ఒకరికి వేశాక కెటిల్‌లోని వేడినీళ్లతో కడిగి ఇంకొకరికి వేసేది.

ఓ వసంతంలో మా వీధిలో ఒక్కొక్కరికీ కళ్లు పచ్చబడసాగాయి. సవ్రినిసా కూతురు ఓయ్‌జమాల్ అప్పటికే ఊరి ఆసుపత్రిలో నర్సు. ఇంటింటా రక్తం తీసి పట్నానికి పంపింది. హెపటైటిస్-బి అని తేలింది. చివరింటి మొహ్‌బేగింకీ ఉంది. ఆ పిల్ల అప్పుడు కడుపుతో ఉంది.

"సూది ఎక్కడ వేయించుకున్నావే?" అని అడిగింది ఓయ్‌జమాల్.

"ఇంకెక్కడక్కా, మీ అమ్మ దగ్గరే. నువ్వు గుచ్చితే ప్రాణం పోతుంది, ఆవిడ వేస్తే దోమ కుట్టినట్టు కూడా ఉండదు!"

ప్రతి ఇంట్లోనూ అదే జవాబు.

"అమ్మా, ఇక ఎవరికీ సూది వేయకు," అంది ఓయ్‌జమాల్ ఇంటికొచ్చి.

"ఏం, నా చేతులు వణుకుతున్నాయా?"

"జబ్బు నీ సిరంజి వల్లే పాకిందమ్మా."

"వీళ్లలో సగం మందికి నేనే పురుడు పోశాను. వాళ్లని నేనే..." అని సవ్రినిసా ఆగిపోయింది.

ఓయ్‌జమాల్ గుమ్మం గుమ్మానికీ వెళ్లి నిజం చెప్పింది. తల్లి పేరు దాస్తే పరీక్షకు రావలసినవాళ్లు రారు. జబ్బు లేనివాళ్లకు టీకాలు వేసింది. ఉన్నవాళ్లను బ్లేడూ బ్రష్షూ వేరుగా పెట్టుకోమంది. ఊరు సవ్రినిసాను పల్లెత్తు మాట అనలేదు, ఆ గడప తొక్కడం మాత్రం మానేసింది. "కన్నతల్లిని వీధిలో పెట్టింది," అని ఓయ్‌జమాల్‌నే ఆడిపోసుకున్నారు.

మొహ్‌బేగింకి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పూటే ఓయ్‌జమాల్ టీకా వేసి, మిగతావీ వరసగా వేసింది. ఏడాది దాటాక చేసిన పరీక్షలో పాపకు జబ్బు లేదని తేలింది. మొహ్‌బేగిం పాపను తీసుకుని నేరుగా సవ్రినిసా దగ్గరికెళ్లింది.

"ఎత్తుకో పిన్నీ."

"వద్దమ్మా."

"ముట్టుకుంటే అంటుకోదట, అక్క చెప్పింది."

"తెలుసు. నేనూ నర్సునే," అని సవ్రినిసా మొహం తిప్పుకుంది.

ఆ చలికాలమే ఆవిడ పోయింది. కడసారి స్నానం చేయించడానికి ఊరి ఆడవాళ్లు జబ్బు అంటుకుంటుందని భయపడి ముందుకు రాలేదు. ఓయ్‌జమాల్, మొహ్‌బేగిం కలిసి చేయించారు. నేను నీళ్లు అందించాను. ఓయ్‌జమాల్ తల్లి చెవి దగ్గర వంగి, "చెప్పకుండా ఉండలేకపోయానమ్మా," అంది. ఆ తరవాత ఎంత ఓదార్చినా ఓయ్‌జమాల్ ఏడుపు ఆగలేదు.