కూతురి కూతురు

అరవై దాటాక స్వీడిష్ నేర్చుకోవడమేమిటని ఇక్కడ సింగపూర్‌లో, మా బెడోక్ బ్లాకులో తెలిసినవాళ్ళంతా నవ్వారు. మా ఆయనైతే, "తెలుగులో నన్ను తిట్టింది చాల్లేదా, ఇప్పుడు ఆ భాష కూడానా?" అన్నారు. నన్ను నవ్వించాలనే అన్నారు. మా అమ్మాయి పోయేనాటికి దాని కూతురికి మాటలు కూడా సరిగా రాలేదు. పిల్ల స్వీడన్‌లో తండ్రి దగ్గర పెరుగుతోంది. తండ్రి భాష తప్ప దానికి ఇంకోటి రాదు. దానికి వాళ్ళమ్మ గురించి నేనే చెప్పాలి, దానికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

రాఫెల్స్ ప్లేస్‌లో సాయంత్రం క్లాసు. చుట్టూ ఆఫీసువాళ్ళు పంపితే వచ్చిన చిన్నవాళ్ళే. ఆ భాషలో రెండు మాటల్ని ఎడం లేకుండా అతికించి ఒక్క మాట చేసేస్తారు. తల్లి 'మూర్'. తల్లికి తల్లి 'ముర్ముర్', అంటే అమ్మమ్మ. మన అమ్మా అమ్మా కలిస్తే మధ్యలో ఒక అచ్చు జారిపోతుంది. అక్కడ రెండు ముక్కలూ నిలబడే ఉంటాయి. మొదటి ముక్క గట్టిగా నొక్కి పలకాలి, చివరిది కొంచెం తక్కువగా. అక్షరాలుగా విడదీసేటప్పుడు ముందు అతుకు దగ్గర విరవాలి. నేనేమో అన్నీ ఒకే బరువుతో గడగడా చదివేదాన్ని. "ఆంటీ, స్లో స్లో లా," అనేది పక్క సీటు అమ్మాయి, ఇక్కడి ఇంగ్లీషులో.

నా మనసు ఒక్క మాట మీదే పడింది. 'దొత్తెర్' అంటే కూతురు, 'దొత్తెర్‌దొత్తెర్' అంటే కూతురి కూతురు. ట్రైన్‌లో ఇంటిదాకా దాన్నే అనుకుంటూ వచ్చేదాన్ని. మొదటి దొత్తెర్ గట్టిగా, రెండోది మెల్లగా. మా అమ్మాయి పేరు పైకి అనలేని రోజులవి. ఆ మాటైతే అనగలిగేదాన్ని.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో, నువ్వు నాకు దొత్తెర్‌దొత్తెర్‌వి అని పిల్లకి వాళ్ళ భాషలోనే చెప్పాను. బడిలో నేర్పినట్టు చప్పట్లు కొడుతూ విడదీసింది: దొత్-తెర్, దొత్-తెర్. రెండోదాని దగ్గర గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఇది నేను. మరి మొదటిది మమ్మానా?" అని వెనక్కి తిరిగి వంటింట్లో ఉన్నామెను చూపించింది. మా అల్లుడు ఈమధ్య పెళ్ళి చేసుకున్న మనిషి ఆమె. మంచిదే, పిల్ల జుట్టు ఓపిగ్గా దువ్వుతుంది. ఆమె మీద నాకు కోపం లేదు.

"కాదు బంగారం," అన్నాను. "మొదటిది నా కూతురు. నిన్ను కన్న అమ్మ." ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా ఆ ముక్క చెప్పడానికే. తప్పు లేకుండా చెప్పాను కూడా.

పిల్ల గుండె మీది చెయ్యి తీసేసింది. "నాకు ఆమె గుర్తులేదు, ముర్ముర్," అంది, నేనేమనుకుంటానోనని నెమ్మదిగా. గుర్తుండే వయసు కాదని నాకూ తెలుసు. అయినా ఆ మాట విన్నాక నా కూతురు ఇంకోసారి పోయినట్టయింది.