రమణయ్యకు కప్పబోయిన శాలువా

శాలువా కప్పించబోయి ఒక మంచి మనిషి ఉద్యోగం ఊడగొట్టిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అరవైల్లో, నెల్లూరులో ఒక కాలేజీలో కుర్ర లెక్చరరుగా ఉన్నప్పుడు నేను వెలగబెట్టిన ఘనకార్యమిది.

మా డిపార్టుమెంటు అటెండరు రమణయ్యది విడవలూరు వైపు సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల పాళెం. స్టాఫ్ రూము రేడియోలో వాయుగుండమన్న మాట వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి సైకిలెక్కేవాడు. సాయంత్రం పడవలు నీళ్లలోకి దిగకముందే ఒడ్డు పొడుగునా కేకలేసి ఆపేవాడు. పన్నెండేళ్లుగా ఇదే వరస. అతని కేక విని ఆగి బతికినవాళ్లు ఆ పాళెంలో ఇంటికొకరుంటారు.

"సార్, పోతా ఉండా. హాజరు కొంచెం చూసుకోండి" అనేవాడు. చూసుకునేవాణ్ణి. అంటే, హాజరు పట్టీలో సాయంత్రం గడిలో హాజరని నేనే రాసేవాణ్ణి. నాకు ముందున్నాయనా అంతేనట.

ఇంతలో యూనివర్సిటీ నుంచి ఉత్తరం. ఏళ్ల తరబడి ప్రజాసేవ చేస్తున్న సిబ్బందికి సన్మానమట, పేర్లు పంపమన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. రమణయ్య బిక్కమొహం వేశాడు.

"వద్దు సార్. నాకెందుకు శాలువా? ఈ ఎండకి చెమట పోస్తాది."

"నోర్మూసుకో. నీకు గాక ఎవరికి కప్పుతారు? ఏ ఏ రోజుల్లో పోయినావో చెప్పు."

"తేదీలు గూడా రాస్తారా సార్?"

"రుజువుండొద్దూ!"

ఏ వాయుగుండం ఎప్పుడొచ్చిందో అతనికి కంఠతా వచ్చు. నాలుగు ఠావులు రాశాను. తేదీ, కాలేజీ నుంచి బయల్దేరిన టైముతో సహా. కింద సంతకం, నా తెలివి చూడండి, నాదే.

నెల తిరక్కుండా కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటుగారు పిలిచి, నా అర్జీ పక్కన హాజరు పట్టీ పరిచారు.

"ఏమయ్యా, ఈ తేదీన మధ్యాహ్నం మూడింటికి రమణయ్య యాడుండాడు?"

"సముద్రం ఒడ్డున సార్! ఊరి మగాళ్లనంతా కాపాడినాడు."

"మరి ఇక్కడ హాజరని రాసిందెవురు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఇక్కడ కాలినవి రమణయ్య చేతులు, ఆకుల కోసం పరిగెత్తింది నేను. "తప్పు నాది, శిక్ష నాకెయ్యండి" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. నాకు మందలింపు, అతనికి ఉద్వాసన. ఆరుగురు తినే ఇంటికి ఆ జీతమొక్కటే ఆధారం. ఆ పాపం తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

శాలువా ఎవరికి కప్పారంటారా? పన్నెండేళ్లలో కుర్చీ కదలని సూపరింటెండెంటుగారికి. సన్మానపత్రం రాసింది నేనే. "నీ చెయ్యి మంచిదయ్యా" అని రాయించుకున్నారు.

ఉద్యోగం ఊడిన మర్నాడే అతని పాళెం వెళ్లాను. రమణయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"నా మీద కోపమా రమణయ్యా?"

"కోపమెందుకు సార్? నా మంచికే గదా రాసినారు." నేనెక్కడ నొచ్చుకుంటానోనని గొంతు తగ్గించాడు. "ఒక్కటే మనవి. మా తమ్ముడు పోస్టాఫీసులో ఉండాడు. వాడు గూడా మంచోడే. వాడి గురించి మాత్రం యాడా రాయబాకండి సార్."

అక్కడే, ఆ ఇసుకలో, సముద్రుడి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఎంతటి మంచివాడు ఎదురైనా చేతులెత్తి దండం పెడతాను గానీ, అతని మంచితనం సంగతి మాత్రం చచ్చినా పైవాళ్ల చెవిన పడనివ్వను.