మోచేయి పడుతోంది

బంతి విసరడం కాళ్లతో మొదలవుతుంది. బరువు వెనక కాలి మీద ఉంచి, ముందు కాలిని బంతి వెళ్లవలసిన వైపు పెట్టాలి. తర్వాత నడుము తిరుగుతుంది, దాని వెంట భుజం, అన్నిటికంటే చివర చెయ్యి. ఆ సమయంలో మోచేయి భుజమంత ఎత్తున ఉండాలి. కిందికి జారితే బంతి సగం దూరంలోనే పడిపోతుంది. ఇదంతా నేను యాభై దాటాక నేర్చుకున్నాను. నా బిడ్డ కోసం నేర్చుకున్నాను. ఆమె పోయి పదకొండు నెలలైంది.

ఆమె మోచేయి జారడం నేను తొందరగానే గమనించాను. నాలుగు నెలలు దిద్దాను. ఆ నాలుగు నెలల్లో నొప్పిగా ఉందని ఆమె నాతో చెప్పిందా లేదా అన్న ఒక్క ప్రశ్న కోసమే ఇది రాస్తున్నాను.

ఆమె వనపర్తిలో డిగ్రీ చదువుతుండగా కాలేజీలో ఆడపిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. కాలితో తన్నే ఆట కాదు. బంతి కోలగా, రెండు కొసలతో ఉంటుంది, చేత్తో విసురుతారు. అందరి నడుముకూ గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి. బంతితో పరిగెత్తే పిల్ల పట్టీని ఎదుటివాళ్లు లాగేస్తే ఆట అక్కడికి ఆగుతుంది. ప్రతిసారీ మొదట బంతి అందుకుని, ఎవరికి ఇవ్వాలో చూసి విసిరే పిల్లను క్వార్టర్‌బ్యాక్ అంటారు. నా బిడ్డ క్వార్టర్‌బ్యాక్.

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. తెలియని దాని గురించి చదవడం నాకు అలవాటు. ఈ ఆట మీద మా దగ్గర పుస్తకం లేదు. ఫోన్‌లో వీడియోలు చూశాను. విసిరే మనిషి దగ్గర ఆపి ఆపి చూసి, కాలు ఎక్కడ ఉంది, చూపుడు వేలు బంతిని ఎప్పుడు వదిలింది అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రోజూ పొద్దున ఆమె విసిరితే నేను పట్టేవాణ్ని. ఇంటికొచ్చాక ఆ రోజు ఆమె చేసిన తప్పులు కూడా అందులోనే రాసేవాణ్ని. టిఫిన్ తింటూ ఆమె అది చదివి, నా అక్షరాలను చూసి నవ్వేది. నన్ను కోచ్ సాబ్ అని పిలిచేది.

బంతి చంకలో పెట్టుకుని కాలేజీ గ్రౌండుకు నడుస్తుంటే దారిలో టీకొట్టు ఆయన రోజూ ఒకే మాట అడిగేవాడు.

"సార్, పొద్దుగాల్నే కొబ్బరికాయ యాడ కొడ్తున్రు?"

"మీ దుకాణం ముంగటనే కొడ్తం అన్నా, జర గిరాకీ అన్న పెరుగుతది" అనేది నా బిడ్డ.

గ్రౌండులో బంతి నా తల దాటి ముందు పడేది. నేను వంగి తీసుకునేసరికి దూరం నుంచి కేక వినిపించేది.

"నువ్వు ఉన్న కాడికి కాదు నాయినా, నువ్వు రావాల్సిన కాడికి ఏస్తున్న. జర ఉరుకు!"

"ఉరుకుతున్న గదనే!"

"గది ఉరుకుడా? పింఛన్ లైన్ల జరిగినట్టుంది."

ఆట మొదలైన రెండో వారంలోనే ఆమె మోచేయి జారడం మొదలైంది. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. మాది ఇటిక్యాల దగ్గర పల్లె. చిన్నప్పుడు జొన్నచేనులో మంచె ఎక్కి, ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి, పిట్టల మీదికి వదిలేవాళ్లం. మధ్యాహ్నానికి చెయ్యి అలిసి మోచేయి దిగిపోయేది. కింది నుంచి మా నాయిన అరిచేవాడు. "చెయ్యి పడుతుంది రా! ఆపకు, ఇంకా ఇసురు. అదే తెరుసుకుంటది." పది రోజులకు నిజంగానే చెయ్యి తెరుచుకునేది, నొప్పి పోయేది. మోచేయి పడిందంటే ఇంకా పనికి అలవాటు పడని చెయ్యి అని నాకు తెలిసింది అంతే. వీడియోలలో కూడా మోచేయి జారితే పాదం చూసుకోమన్నారు. ఒకటి చేను చెప్పింది, ఒకటి చదువు చెప్పింది. రెండూ కలిసినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. రోజుకు నలభై విసుర్లను ఎనభై చేశాను.

ఒకరోజు వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది.

"నీ బిడ్డ వారం నుంచి జడ నన్నే ఎయ్యమంటుంది. ఎందుకో అడిగినవా?"

"గారాబం."

"గారాబం కాదు. చెయ్యి పైకి లేస్తలేదంట."

"ఆడితే నొయ్యదా ఏంది? అదే తెరుసుకుంటది" అన్నాను.

మా నాయిన మాటే నా నోట్లోంచి వచ్చింది.

జట్టు ఎంపికలు నాగర్‌కర్నూల్‌లో జరిగాయి. నేను సెలవు పెట్టి వెళ్లాను. మూడో విసురుకు బంతి నా బిడ్డ కాళ్ల దగ్గరే పడింది. ఆమె చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుంది. ఆటోలో ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఎక్స్‌రే చాలాసేపు చూశాడు.

"నొప్పి ఎప్పటి నుంచి?"

"ఇయ్యాల్నే సార్" అన్నాను.

నా బిడ్డ నేల వైపు చూస్తూ కూర్చుంది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పంపారు. భుజం దగ్గర ఎముకలో క్యాన్సర్ గడ్డ ఉంది. అది ఆట వల్ల రాలేదని అక్కడి డాక్టర్లు చెప్పారు. నేను కూడా చదివాను, రాదు. ముందుగా తెలిసి ఉంటే మేలు అని కూడా చెప్పారు. ఎంత ముందుగా అని నేను అడగలేదు. కుడి చెయ్యి తీసేశారు. మందులు ఎక్కించారు. కొన్ని నెలలకు అది ఊపిరితిత్తులకు పాకింది.

మా అద్దె ఇల్లు రెండో అంతస్తులో ఉంది. ఆమె మెట్లు ఎక్కలేకపోయేది. అందుకని గద్వాలలో మా ఆవిడ చెల్లెలి ఇంటికి మారాం. ఆ ఇంటి వెనక ఖాళీ జాగా ఉంది. ఒక సాయంత్రం ఆయాసం కొంచెం తగ్గినట్టుంది, "బంతి తే నాయినా" అంది. ఐదారు అడుగుల దూరంలో నన్ను నిలబెట్టి ఎడమ చేత్తో విసిరింది. బంతి గాల్లో అడ్డదిడ్డంగా దొర్లి పక్కకు పడింది.

"ఎట్లుంది?"

"బాగుంది."

"అబద్ధం. దిద్దు."

నేను వంగి బంతి తెచ్చి ఆమె చేతికి ఇచ్చాను.

"నాలుగు నెల్లు చెవులు తూట్లు పడేదాక చెప్పినవ్. ఇప్పుడు నోరు పడిపోయిందా కోచ్ సాబ్?" గొంతులో నిజంగానే కోపం ఉంది. "నేను పోయేదాన్నని చెప్తలేవా? దిద్దు."

"విసిరేది ఎడమ చెయ్యి గద" అన్నాను. "కుడి కాలు ముందట ఉండాలె. నువ్వు పాత అలవాటుకు ఎడమ కాలు పెట్టినవ్."

కాళ్లు మార్చుకుంది. ఈసారి బంతి నా ఛాతీ దగ్గరికి వచ్చింది. పట్టుకున్నాను. తిరిగి ఇవ్వడానికి దగ్గరికి వెళ్లి, అన్ని రోజులుగా అడగలేనిది అడిగాను.

"బిడ్డా, నొస్తుందని నాకు ఎప్పుడన్న చెప్పినవా? నేనే ఇనలేదా?"

ఆమె ఆలోచించలేదు.

"చెప్పలే నాయినా. చెప్తే ఆడనియ్యవని దాసిన. చెప్పకుంటే నువ్వెట్ల తెలుసుకుంటవ్? ఇగ బంతి ఇయ్యి."

ఇంకో నాలుగు విసిరి లోపలికి వెళ్లి పడుకుంది. మళ్లీ బంతి అడగలేదు.

ఆమె పోయిన తర్వాత నాకు మిగిలింది ఆ మాటే. ఓదార్చడానికి వచ్చినవాళ్లు చెప్పినవి ఏవీ నాకు పనికిరాలేదు. ఇది పనికొచ్చింది. దాచింది, కాబట్టి నాకు తెలియలేదు. పొద్దున లేవగానే ఒకసారి ఆ మాట అనుకుని పనిలోకి వెళ్లేవాణ్ని.

పోయిన నెల నా బిడ్డ కాలేజీ జట్టు పిల్లలు ఇద్దరు వనపర్తిలో మా ఇంటికి వచ్చారు. అందులో ఒకమ్మాయి ఇప్పటి క్వార్టర్‌బ్యాక్.

"సార్, మీరు అన్నీ నోట్‌బుక్‌ల రాసిన్రని అక్క చెప్తుండె. ఒక్కసారి ఇస్తరా? జిరాక్స్ తీసుకొని రేపే తెచ్చిస్తం."

వాళ్లను కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను. నాగర్‌కర్నూల్ రోజు తర్వాత నేను ఆ నోట్‌బుక్ తెరవలేదు. ఇచ్చేముందు పేజీలు తిప్పాను. రెండో వారం దగ్గర నా చేతిరాతలో ఇలా ఉంది: "మోచేయి పడుతోంది. భుజం గుంజుతోందని అంటోంది. పాదం సరిచేయాలి." ఇంకో రెండు పేజీల తర్వాత: "మళ్లీ గుంజుతోందంది. విసుర్లు పెంచాలి."

ఆమె అలా అన్నట్టు నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా ఆ గొంతు గుర్తు రాలేదు. కాని రాసింది నేనే. రోజూ టిఫిన్ తింటూ ఆ నోట్‌బుక్ చదివింది ఆమె. ఆ పేజీలు ఉన్నాయని ఆమెకు తెలుసు. తెలిసే, చెప్పలేదంది. నేను ఎప్పటికీ తెరవననుకుందో, తెరిచేనాటికి తట్టుకుంటాననుకుందో నాకు తెలియదు.

మా ఆవిడ తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో ఉన్న పేజీ చూపించాను. చదివింది.

"నాతోని చెప్పింది గద, నీకూ చెప్పే ఉంటదనుకున్న" అంది. "పిల్లలకు చాయ్ పెడ్త" అని వెళ్లింది.

పేజీలు చింపలేదు. ఆ రెండు వాక్యాల కింద పెన్నుతో రాశాను: "ఇది తప్పు. పాదం తర్వాత. ముందు నొప్పి ఉందా అని అడగాలి."

నోట్‌బుక్ ఆ అమ్మాయికి ఇచ్చాను. నిలబడే పేజీలు తిప్పింది. అక్కడికి వచ్చి ఆగింది. సిరా ఇంకా ఆరలేదు, వేలికి అంటింది. తల ఎత్తి నా వైపు చూసింది.

"నీ మోచెయ్యి పడుతుందా బిడ్డా?"

"అప్పుడప్పుడు పడ్తది సార్."

"నొస్తుందా?"

"లేదు సార్."

మళ్లీ అడిగాను.