మంద తిరిగిపోయిన ఏడాది

గొర్రెల మంద మా చేని దాకా వచ్చి, గట్టు దగ్గర ఆగి, వెనక్కి తిరిగిపోయిన ఆ పొద్దున నాకొచ్చిన కోపం ఇంకా దిగలేదు. ముందు మా తమ్ముడి మీద వచ్చింది, తర్వాత నేను కట్టుకున్న మా ఇంటామె మీదకు పోయింది. ఇప్పుడు ఎవరి మీద ఉందో చెప్పడానికే కాగితం ముందర కూర్చున్నాను. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోవచ్చు.

మాది పెనుకొండకు పడమటి దిక్కున నాలుగెకరాల ఎర్రనేల. బోరు ఒకటుంది. వేసవిలో అది ఆవులకు తాపడానికే చాలదు. మా నాయన ఆ నేలలో అన్నీ కలిపే విత్తేవాడు. నాకు మీసం మొలిచే కాలానికి జీపులో ఆఫీసర్లు వచ్చారు. ఈ కలగూరగంప సేద్యం మానేయండి, చేనంతా శనక్కాయ ఒక్కటే పెట్టండి, బస్తాల ఎరువు చల్లండి, మేడలు కడతారు అన్నారు. నాయన ఒప్పుకోలేదు. నేనే ఆయనతో కొట్లాడి ఒప్పించాను. ఇరవై ఏళ్ళు శనక్కాయ తర్వాత శనక్కాయ పెట్టాం. నేల ఇటుకపొడి మాదిరి అయిపోయింది. వాన పడితే లోపలికి ఇంకకుండా వంకలోకి పరుగెత్తేది. మేడ మాట దేవుడెరుగు, ఉన్న మిద్దెకు సున్నం కొట్టుకోలేకపోయాం.

ఇప్పుడు కార్లలో వస్తున్నారు. అన్నీ కలిపి విత్తండి, ఇది కొత్త విజ్ఞానం అంటున్నారు. మా చేని మొదట్లో ఒక బోర్డు కూడా పాతిపోయారు. ఇంతమందిలో ఒక్కడైనా "అప్పుడు మేం చెప్పింది తప్పు" అన్నాడా? అనలేదు. ఎవరూ అడగకుండానే పాత సేద్యానికి తిరిగొచ్చింది నేను. రెండో తరగతితో బడి మానేసినవాణ్ణి. పెనుకొండ బస్టాండులో బస్సుల బోర్డులు కూడబలుక్కుంటూ అక్షరాలు పట్టుకున్నాను. హిందూపురంలో పాత పేపర్ల అంగట్లో తూకానికి కొన్న పుస్తకాలతో మట్టి గురించి చదువుకున్నాను.

మా చేనులో ఎనిమిది సాళ్ళ శనక్కాయకు ఒక సాలు కంది ఉంటుంది. ఆ కంది సాలులోనే జొన్న, అలసంద, అనుము పడతాయి. చుట్టూ ఆముదం. ఇంకోపక్క కొర్ర, నువ్వులు, గోగు. రెండావులు, కొన్ని కోళ్ళు. ఏదీ విరగపండదు, అన్నీ ఒకేసారి పోవు. మా వీధిలో సగం ఇళ్ళు మా అలసందలే తింటాయి. వాళ్ళ ఇళ్ళల్లో పులిసిపోయిన మజ్జిగ, పేడ, బూడిద మా చేనికే ఎరువుగా వస్తాయి.

అయితే వీటన్నిటికంటే మా నేలను బతికించింది గొర్రెల మంద. కందులు కొట్టిన పది రోజులకు చిలమత్తూరు వైపు నుంచి ఒక కుటుంబం మూడొందల జీవాలతో వస్తుంది. పగలు గట్ల మీద, కోసిన మోళ్ళలో మేపి, పొద్దుగూకితే మా చేనులోనే మంద కడతారు. పది రోజుల ఎరువు నేలకు పడుతుంది. మంద తోలే మనిషి తండ్రి మా నాయన నాటినుంచి వచ్చేవాడు. వాళ్ళు ఉన్నన్నాళ్ళు సంగటి మా ఇంటినుంచి పోతుంది. వెళ్ళేరోజు చేనులో పండిన ప్రతి గింజా ఒక్కో పడి కొలిచి మూటకట్టి ఇస్తాం.

ఈమధ్య దీనికి ఒక మాట కూడా చేరింది. ఎక్కడెక్కడో కలుపు మందు కొట్టిన గట్లు మేసి జీవాలు చచ్చిపోతున్నాయి కాబట్టి, మంద చేనులో దిగేముందు చేనిమనిషి నోటితో చెప్పాలి: నా చేనులో, నా గట్టు మీద మందు పడలేదని. చెబితేనే దిగుతుంది. ఆ మాటకు కాగితం లేదు, సాక్షి లేడు.

ఆ పొద్దున మంద వచ్చింది. ముందు అతను, వెనక గాడిద మీద కుండలు, గొంగళ్ళు వేసుకొని అతని భార్య. నన్ను మామా అంటాడు, నేను అల్లుడా అంటాను.

"మామా, మాట చెప్పు."

"పడలేదు అల్లుడా. ఒక్క చుక్క పడలేదు. తోలు లోపలికి."

అతను గట్టెక్కి ఆగిపోయాడు. కూర్చొని గరిక ఒక పిడికెడు పీకాడు. గరిక అంత సులువుగా రాదు, చెయ్యి కోసుకుపోతుంది. ఇది వేరుతో సహా మెత్తగా వచ్చింది. గణుపు విరిచి చూశాడు.

"ఇది ఎండకు ఎండింది కాదు మామా."

"మరేమి?"

"నన్నడుగుతావేమి? గట్టు నీది గదా."

నేనింకా నోరు తెరవకముందే ఈల వేశాడు. ముందున్న పొట్టేలు తిరిగింది. దాని వెనక మంద మొత్తం తిరిగింది. అతని భార్య మాత్రం నా ముందు నిలబడి అనేసి పోయింది.

"నీ మాట నమ్మి తోలింటే మా గతేమి పెద్దాయనా? ఇవి సస్తే మేమేమి తినాల, నీ మాటలా?"

నా జీవితంలో నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్ళు లేరు. ఆమె ఆ మాట వాడలేదు, కానీ అన్నది అదే. దుమ్ము రేపుకుంటూ మంద రోడ్డు దిక్కుకు పోయింది.

ఆ గట్టుకు అవతల మా తమ్ముడి పొలం. గట్టు ఇద్దరిదీ. నేను వేయలేదంటే వేసింది వాడే అని తేల్చేశాను. వాడి ఇంటి ముందు నిలబడి వీధంతా వినేట్టు అరిచాను.

"ఒరేయ్, బయటికి రారా! నాయన పంచిన గట్టు మీద విషం పోస్తావా? నా నోట్లో మన్ను కొట్టినావు గదరా!"

వాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పురుగుల తట్టల దగ్గర ఉన్నట్టున్నాడు, చొక్కాకు మల్బరీ ఆకు అంటుకొని ఉంది.

"అన్నా, నేను సాకేది ఏంది?"

"అదెందుకిప్పుడు?"

"పట్టుపురుగులు. గాలికి ఒక చుక్క ఆకు మీద పడితే చాలు, తట్టలు తట్టలే ఎత్తి పారేయాల. నా పొలం పక్కన నేనే మందు కొట్టుకుంటానా? నీకు మట్టి సంగతంతా తెల్సు, ఈ మాత్రం తెలీదా?"

తెలుసు. ఆ మాట వాడి నోటినుంచి వచ్చేదాకా గుర్తు రాలేదు, అంతే. పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయేటప్పుడు నేనే వాడితో ఎన్నోసార్లు బస్సెక్కాను. కోపంలో మనిషికి ఉన్న తెలివి కూడా పోతుంది. తలవంచుకొని వచ్చేయాల్సింది, రాలేదు. "మరెవురు కొట్టినారు?" అని మళ్ళీ గద్దించాను. వాడు నేల చూశాడు. లోపలినుంచి మరదలు అంది:

"బావా, వీధిలో అడిగింది చాలు. పోయి మీ ఇంట్లో అడుగు. ఆ దినం ఆ పక్క ఆకు కొయ్యద్దని నాకు అక్కే చెప్పి పంపించింది."

ఇంటికి వచ్చేసరికి మా ఇంటామె వాకిట్లో చేట పెట్టుకొని అనుములు చెరుగుతోంది. నా అరుపులు ఆమెకు వినబడే ఉంటాయి. తల ఎత్తలేదు.

"నేనే కొట్టించినా."

"ఎప్పుడు?"

"నువ్వు ధర్మవరం మీటింగుకు పోయిన దినం. మందు పంపు వీపుకేసుకోని తిరిగేటోడు పోతాంటే పిల్చినా. గాలి లేని పొద్దు జూసి కొట్టించినా."

ధర్మవరంలో ఆ రోజు రైతుల మీటింగులో నన్ను స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు. నా చేనులో ఒక్క చుక్క మందు పడదని నేను చెబుతుంటే చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఆ గంటలోనే అన్నమాట.

"నాకు చెప్పాల్సిన పని లేదా?"

"చెప్దామనే ఉన్న్యా. శాలువా భుజం మీదేసుకోని వస్తివి. నీ మొగం జూసి నోరు రాలా."

"ఎందుకు కొట్టించినావు?"

అప్పుడు చేట కింద పెట్టింది.

"గరిక గట్టు దిగి చేన్లోకి వస్తాండాది. ఏటేటా తవ్వేది నేనే. వంగితే లేయలేను, లేస్తే వంగలేను. నువ్వు గుంటక తోలినావు, విత్తినావు, పుస్తకాలు చదివినావు. కలుపు ఎవురు తీసినారు సామీ? ఒక్క దినం తీసినావా?"

"అడిగింటే కూలోళ్ళను పెట్టిస్తుంటి గదా."

"యాడుండారు కూలోళ్ళు? పొద్దు పుట్టకముందే బట్టల ఫ్యాక్టరీ వ్యాన్లు వచ్చి ఎక్కించుకోని పోతాండాయి. ముందు పదిమంది ఆడోళ్ళం ఉంటిమి. ఈ వారం మీ చేన్లో, వచ్చే వారం మా చేన్లో అని వంతులేసుకోని తీస్తుంటిమి. పాటలు, ఎగతాళ్ళు, నడుము నొప్పి తెలీకపాయె. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిల్నా. నీ తొమ్మిది రకాల మధ్య నేనొక్కదాన్నే."

ఆమె మీద చెయ్యెత్తలేదు గానీ, నోటికి వచ్చిందల్లా అన్నాను. మాట పోయిందన్నాను, మంద పోయిందన్నాను. ఆమె మళ్ళీ చేట అందుకుంది. అనుములు చెరిగే చప్పుడు ఆగలేదు. నేనే బయటికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఆలోచిస్తే ఒళ్ళు మండింది. ఒక్క పంటే వేస్తే సాళ్ళ మధ్య గుంటక పోతుంది, కలుపు అదే పోతుంది. అన్నీ కలిపి వేస్తే ఎద్దు అడుగుపెట్టే సందు ఉండదు. కూర్చొని, కూర్చొనే జరుగుతూ, చేత్తో ఒక్కో మొక్కా చూసి తీయాలి. అనుము మొలక ఏది, కలుపు మొలక ఏది అని తెలిసిన చెయ్యి కావాలి. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ చెయ్యి లేదు. నేను మాట్లాడిన ఏ మీటింగులోనూ లేదు. కార్లలో వచ్చేవాళ్ళు చేనులో ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టి ఫోటో తీసుకుపోతారు. ఎవరు వంగారో అడగరు. వాళ్ళను తిట్టుకుంటూ ఉంటే, వరసలో ముందు నిలబడి ఫోటో దిగిన నేనే కనిపించాను.

మూడోరోజు గొర్రెలవాళ్ళను వెతుక్కుంటూ పోయాను. బెంగుళూరు రోడ్డు పక్కన వేరేవాళ్ళ బీడులో దిగి ఉన్నారు.

"అల్లుడా, మందు పడిన మాట నిజమే. నాకు తెలీకుండా..."

"మీ ఇంట్లో జరిగింది నీకు తెలీకపాయెనా మామా?"

"తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు."

అతను కర్ర మీద గడ్డం ఆనించాడు.

"ఈ యేడు రాము. ఆ గరికంతా తవ్వేసి, వానలు పడి కొత్తది మొలిస్తే చూస్తాం. ఇంకొకటి. వచ్చే తడవ మాట నువ్వు చెప్పాకు, అత్త చెప్పాల. చేన్లో ఏమి పడిందో ఆమెకు తెల్సు."

నా మొహాన కొట్టినట్టే అనిపించింది. అయినా సరే అని ఇంటి దారి పట్టాను.

ఆ యేడు మంద ఎరువు లేకుండానే విత్తాం. రెండావుల పేడ నాలుగెకరాలకు ఏ మూలకు? జొన్న నడుము ఎత్తు కూడా రాలేదు. వీధిలోవాళ్ళు అలసందల కోసం వచ్చి సగం సంచులతో పోయారు. మందు కొట్టిన గట్టును తవ్వింది నేను. పార పట్టుకొని గట్టు ఎక్కితే దారినపోయేవాళ్ళంతా ఆగి చూశారు.

"ఏమప్పా, పెద్దాయనకు శిక్షేసినారా?"

"వేసినారులే. నువ్వూ ఒక పార తెచ్చుకో, పంచుకుందాం."

ఎవరూ తేలేదు. ఐదోరోజు మా తమ్ముడు తెచ్చాడు. క్షమించమని నేను అడగలేదు, వాడూ అడిగించుకోలేదు. "నీ చేన్లో కలుపుకు నేనొస్తా, నా ఆకు కోతకు నువ్వు రావాల" అన్నాడు. సరే అన్నాను. ఇద్దరు ముసలివాళ్ళం కూర్చొని జరుగుతూ కలుపు తీస్తుంటే, మా ఇంటామె పక్క సాలులోనుంచి చూసి, "అది కలుపు కాదు, నువ్వుల మొలక" అని నా చెయ్యి మీద కొట్టింది. అలా ఒకసారి కాదు. ఆదివారాలు ఫ్యాక్టరీ సెలవు కాబట్టి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వంతుకు రావడం మొదలైంది. మగవాళ్ళు కూడా కూర్చోవాలన్నది వాళ్ళు పెట్టిన షరతు.

మధ్యలో ధర్మవరంనుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది, మాట్లాడడానికి రమ్మని. నేను రాను, మా ఇంటామెను పిలవండి అన్నాను. "మేడమ్ గారికి స్టేజీ మీద మాట్లాడ్డం అలవాటుందా సార్?" అన్నాడు అవతలివాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను. మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఈ సంవత్సరం కందులు కొట్టాక మంద వచ్చింది. అతను గట్టంతా నడిచి చూశాడు. రెండుచోట్ల గరిక పీకాడు. ఈసారి అతని అరచెయ్యి కోసుకుంది. నా వైపు చూడకుండా మా ఇంటామె వైపు తిరిగాడు.

"అత్తా, నువ్వు చెప్పు."

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"పోయిన యేడు కొట్టించినా, నేనే. ఆ తర్వాత పడలా. అయినా నాకే ధైర్యం చాలడంలే. ఆ గట్టు పక్క తోలాకండి. కొర్ర కోసిన పక్క కట్టుకోండి, సగంలో."

"సగమే అయితే ఐదు దినాలే ఉంటాం."

"ఐదే ఉండండి."

అతను ఈల వేశాడు. మిగతా సగం ఇంకో యేడు ఆకలితో ఉండాలి. ఏమీ కాదులే అని నేను ఒక్కమాట గట్టిగా అంటే మొత్తం చేనుకు మంద కట్టించుకోవచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. గొర్రెలు మా ఇద్దరి మధ్యనుంచి కొర్ర మోళ్ళలోకి దిగుతుంటే, ఆమె సంగటికి నీళ్ళు పెట్టాలని ఇంటి వైపు నడిచింది. నేను గట్టుకు అడ్డంగా పోయి నిలబడ్డాను, ఒక్క జీవం కూడా ఆ పక్కకు దాటకుండా.