గెడ్డ దగ్గర దొరికిన పెద్దమ్మ

మొన్న మంగళవారం పొద్దున్న మా భోజలి పెద్దమ్మ పోయింది. ఆవిడ పెద్దకొడుకు ఫోన్ చేసి, "దాయీ నఇ రహిస్, నోనీ" అన్నాడు. దాయి అంటే ఛత్తీస్‌గఢీలో అమ్మ, నోనీ అంటే అమ్మాయీ అని. అమ్మ ఇక లేదు అని చెప్పి ఫోన్ పెట్టేశాడు. భిలాయి పక్కన కోహ్కాలో, మా ఇంటి వరండాలో మా అమ్మ తోటకూర వలుస్తోంది. విషయం చెప్పాను. చేతిలో కూర పళ్ళెంలో పడేసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, "కారు తియ్యి" అంది. మోకాళ్ళ నొప్పులని నెల రోజులుగా గుమ్మం దిగని మనిషి, నాకంటే ముందు వెళ్ళి కారులో కూర్చుంది.

పెద్దమ్మ అంటున్నాను గానీ ఆవిడ మాకు రక్తసంబంధం కాదు. మా భాష కాదు, మా ఊరు కాదు. మాది శ్రీకాకుళం వైపు. నాన్న స్టీల్ ప్లాంటులో పనికి భిలాయి వచ్చారు, నేను సెక్టర్ 4 క్వార్టర్లో పుట్టాను. ఆవిడది దుర్గ్ దాటాక లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. మా అమ్మ ఒకసారి వానలో ఒక పొరపాటు చేసింది. దాంతో ఆవిడ మాకు పెద్దమ్మ అయిపోయింది. ఈ కథ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ వాన ఇంకాస్త పెద్దదవుతుంది. మీరు సర్దుకోండి.

నాకప్పుడు రెండేళ్ళు. నర్సు ట్రైనింగ్ చేసి ఇంట్లో కూర్చున్న అమ్మకి ఆ పల్లెల వైపు ఒక ఉప ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. కాగితం ఆలస్యంగా చేతికందింది. ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నాన్న ముందే చెప్పేశారు, ఇదే ఆఖరు ప్రయత్నమని, ఇది పోతే ఇంటి పట్టున ఉండాలని. నన్ను పక్క క్వార్టర్లో అప్పగించి, కాగితాన్ని పాల కవర్లో చుట్టి జాకెట్లో దోపుకుని బస్సెక్కింది.

రాఖీ పండగ మర్నాడది. దారిలో గెడ్డ పొంగింది. మా అమ్మ ఇప్పటికీ వాగుని గెడ్డ అనే అంటుంది. బస్సు ఆగిపోయింది. డ్రైవరు వెనక్కి తిప్పుతానన్నాడు, అందరూ ఎక్కి కూర్చున్నారు. అమ్మ ఎక్కలేదు. "ఎక్కితే ఇంటికెల్లిపోతాను గదేటి! అందుకే ఎక్కనేదు" అంటుంది. బస్సు వెళ్ళిపోయింది. ఒక్కర్తే, తడిసి ముద్దయి, రోడ్డు మీద నిలబడిపోయింది.

అప్పుడు బుట్టలు నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ ఆడవాళ్ళు వచ్చారు. ఆ బుట్టల్లో మొలకలు. ఇంట్లో చీకటి మూల గోధుమలు చల్లి, పసుపుపచ్చగా మొలిచాక, ఆ రోజున నీళ్ళలో కలుపుతారు. వాటిని భోజలి అంటారు. వాళ్ళలో ముందు నడుస్తున్న మనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో, అమ్మని చూసి ఆగింది. "కహాఁ జాబే బహినీ?" అని అడిగింది. ఎక్కడికెళ్ళాలి చెల్లీ అని. అమ్మకి అప్పటికి కూరగాయలు బేరమాడేంత హిందీయే వచ్చు. ఏడుపొచ్చేసింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నీళ్ళలో కలిపే పని ముగించుకుని వెనక్కి వచ్చి, మిగిల్చి తెచ్చిన గుప్పెడు మొలకలు తీసి అమ్మ చెవి వెనక పెట్టింది.

మా వైపు ఎవరైనా పువ్వులిస్తే ఒక్కళ్ళమే పెట్టుకోం. సగం తుంచి ఇచ్చినవాళ్ళ జడలో పెడతాం. అమ్మ అదే చేసింది. తన చెవి వెనకవి సగం తీసి ఆవిడ చెవి వెనక పెట్టింది. అంతే, ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టి గోల గోల చేశారు. ఎందుకో అమ్మకి అర్థం కాలేదు. అక్కడ మొలకలు అలా ఇచ్చిపుచ్చుకున్న ఇద్దరూ ఆ క్షణం నుంచి బతికున్నంత కాలం చుట్టాలు. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు, భోజలి అనే పిలుచుకోవాలి. ఒకరి ఇంటి కష్టసుఖాలు రెండోవారివి. మా అమ్మ మర్యాద చేశాననుకుంది. చేసింది ఒట్టేసుకోవడం.

అప్పుడు అమ్మ కాగితం తీసి చూపించింది. అక్కడ చదువొచ్చినవాళ్ళు లేరు. సూది పొడిచినట్టు, బిడ్డని ఎత్తుకున్నట్టు అభినయించి, ఆఫీసు ఉన్న ఊరి పేరు చెప్పి, పొద్దు కుంకేలోగా అన్నట్టు పడమటి వైపు చెయ్యి చూపించింది. ఆవిడకి అర్థమైంది. ఖాళీ బుట్ట పక్కావిడ నెత్తిన పెట్టి అమ్మ చెయ్యి పట్టుకుంది.

గెడ్డ పైకి పోతే పాయలుగా చీలి లోతు తగ్గే చోటుంది. అక్కడ నడుం లోతు నీళ్ళలో అమ్మని దాటించింది. తర్వాత చేల గట్ల మీద నడక. మూడు ఊళ్ళు దాటారు. ప్రతి ఊళ్ళోనూ ఆవిడ ఒక్కటే మాట, "యే మోర్ భోజలీ ఆయ్." ఈమె నా భోజలి. ఆ మాటకి ఒక ఇంట్లో పొడి చీర ఇచ్చారు. ఒక ముసలాయన ఉడికించిన శనగలు దోసిట్లో పోశాడు. మూడో ఊళ్ళో ఒకాయన పొలంలో పని ఆపి ఎడ్లబండి కట్టాడు. ఎవరూ అమ్మని నువ్వెవరని అడగలేదు. ఎవరి పేరూ అమ్మకి తెలియదు. ఈ ముక్క దగ్గరే అమ్మ ఇప్పటికీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది.

వీళ్ళు చేరేసరికి ఆఫీసు గుమాస్తా తాళం చేతిలో పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. రేపు రమ్మన్నాడు. పెద్దమ్మ పోయి గడప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నా భోజలి సంతకం పెట్టాకే తలుపు. తొందరైతే నన్ను లోపల పెట్టి తాళం వేసుకో" అంది. ఆయన కాసేపు కేకలేసి, చివరికి రిజిస్టరు తీశాడు. అమ్మ బురద వేళ్ళతో సంతకం చేసింది.

దీపావళికి పెద్దమ్మ సకుటుంబంగా, కొత్త బియ్యం మూటతో, సెక్టర్ 4 లో మా గుమ్మం ముందు దిగింది. నాన్న తెల్లబోయి, "ఎవరే? మీ వైపోళ్ళా?" అన్నారు. "ఆరోజు గెడ్డ దాటించినావిడ. ఇంటిల్లిపాదీ ఎందుకొచ్చినారో నాకూ తెల్దు. రమ్మనండి ముందు" అంది అమ్మ. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ భోజలి సంగతి విడమరిచి చెప్పాక నాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి, ఆ బియ్యమే ఆ పూట వండించారు.

అలా మొదలైన రాకపోకలు ఆగలేదు. పెద్దమ్మ మా ఇంట్లో తినే బాసీ అచ్చంగా మా చద్దన్నమే. ఎవరిది రుచో తేల్చుకోవడానికి అమ్మా ఆవిడా ముప్పై ఏళ్ళు పోట్లాడుకున్నారు. నాలుగే తెలుగు ముక్కలు నేర్చుకుంది. "ఏటి బిడ్డా, తిన్నావా" అంటే ఆవిడ తెలుగు అయిపోయినట్టే. పదో తరగతిలో నేను స్నేహితుల ముందు ఆవిణ్ణి పనిమనిషని చెప్పాను. ఆవిడ విన్నది. ఆ సాయంత్రం కూడా నా జడ ఆవిడే వేసింది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

గట్టి వాన పడిందంటే పెద్దమ్మ రోడ్డు మీదికి వెళ్ళి, ఆగిపోయిన బస్సుల దగ్గర చూసేది. మందులమ్మేవాళ్ళు, మేష్టర్లు, దారి తప్పిన పెళ్ళివాళ్ళు, ఎంతమంది ఆవిడ ఇంట్లో తిన్నారో! "ముందు తిను, తర్వాత ఎవరివో చెప్పు" అనేది. ఒకసారి నేనడిగాను, ఆ రోజు అమ్మ నర్సని తెలిసే సాయం చేశావా అని. "నర్సని ఎవరికి తెలుసు? తడుస్తూ నిలబడింది" అంది.

మొన్న దారిలో అడిగాను, "పెద్దమ్మ పేరేంటమ్మా?" అని. "నాకు తెల్సు. పలకను" అంది.

మేము వెళ్ళేసరికి పాడె సిద్ధంగా ఉంది. అమ్మ ఆవిడ ముఖం నిమిరి, నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చుంది. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు గనక ఇద్దరం వీధి చివర నిలబడ్డాం. అమ్మ ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే నర్సుగా ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది. నలుగురు వంగి పాడె ఎత్తుకున్నారు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆ ముందు ఎడంపక్కోడు సూడు, కాళ్ళు ముందొచ్చినాయి వాడికి. ఎంత బయపెట్టీసినాడో! ఆడెనకోడు పుట్టగానే ఏడవనేదు, తల్లకిందులుగా పట్టి తట్టినాను. ఇటుపక్కోడు ఏడో నెల్లో వొచ్చీసినాడు, దూదిలో సుట్టినాను. ఆ పొడుగోడు ఇదిగో ఇంతుండేవాడు."

కొంత దూరం పోయాక భుజం మార్చుకోవడానికి ఇంకో నలుగురు ముందుకొచ్చారు. అమ్మ మునివేళ్ళ మీద నిలబడి వాళ్ళ మొహాలు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు, గొంతులో మాత్రం ఎక్కడలేని గర్వం.

"వీడు కవల్లో రెండోవాడు" అంది.

చేల గట్టు మలుపు తిరిగేదాకా భుజాలు మారుతూనే ఉన్నాయి. అమ్మ చెబుతూనే ఉంది.